పుట్టపర్తి మాట, ఒకయామా పాట

2025 సెప్టెంబర్ 5న జపాన్ గాయకుడు ఫుజీ కజే మూడో ఆల్బమ్ విడుదలైంది. తెచ్చింది అమెరికా సంస్థ రిపబ్లిక్ రికార్డ్స్. పాటలన్నీ ఇంగ్లీషువే, ఆల్బమ్ పేరు మాత్రం ‘ప్రేమ’. 2020లో వచ్చిన అతని తొలి ఆల్బమ్ పేరు ‘హెల్ప్ ఎవర్ హర్ట్ నెవర్’. 2022లో వచ్చిన రెండోదాని పేరు ‘లవ్ ఆల్ సర్వ్ ఆల్’.

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ కాలనీల్లో సాయి భజనలకు వెళ్లే కుటుంబాలకు ఈ మాటలు పుట్టపర్తి సత్యసాయి బాబావని చెప్పక్కర్లేదు. సేవా సమితి బోర్డుల మీద, పూజగదిలో వేలాడే క్యాలెండర్ల మీద రోజూ చూసేవే. ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా వెళ్తే శివం రోడ్డు వస్తుంది. ఆ రోడ్డుకు ఆ పేరు రావడానికి కారణం 1973లో ప్రారంభమైన సత్యసాయి మందిరం ‘శివం’. ముంబైలో ‘సత్యం’, చెన్నైలో ‘సుందరం’ దాని తోబుట్టువులు. గురువారం సాయంత్రం ఆ చుట్టుపక్కల కాలనీల్లో హార్మోనియం మోగని వారం ఉండదు.

పుట్టపర్తి అనగానే మనకు సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, అనంతపురం జిల్లా తాగునీటి పథకం, విభూతి, దాని చుట్టూ నడిచిన వాదోపవాదాలు గుర్తుకొస్తాయి. సంగీతం గుర్తుకు రాదు. మన సంగీత చరిత్రలో ఇది పెద్ద వెలితి అని నా నమ్మకం. అనంతపురం మెట్టలో పుట్టిన ఒక భజన సంప్రదాయం డెట్రాయిట్‌లో పుట్టిన జాజ్ విద్వాంసురాలి చేతిలో ఒక రూపం పోసుకుంది, ఒకయామా కుర్రాడి గొంతులో ఇంకో రూపం పోసుకుంది. ఈ కథను తెలుగులో మనమే చెప్పుకోవాలి.

ముందు ఆ కుర్రాడి సంగతి. ఫుజీ కజే 1997 జూన్ 14న ఒకయామా ప్రిఫెక్చర్‌లోని సతోషో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. పియానో అలవాటు చేసింది కాఫీ షాపు నడిపే తండ్రి. ఆయన ప్రోత్సాహంతోనే 2010లో, పన్నెండేళ్ల వయసులో, ఇంట్లో పియానో వాయిస్తూ తీసిన వీడియోలు యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. దాదాపు పదేళ్లపాటు ఊళ్లోనే ఉండి ఇతరుల పాటలు వాయించి, పాడి, చెవిని పదును పెట్టుకున్నాడు. 2019లో టోక్యో చేరాడు. 2020 అక్టోబర్‌లో అక్కడి బుడోకన్ వేదిక ఎక్కాడు.

జపాన్‌లో సొంతంగా రాసి, బాణీ కట్టి, ఒంటరిగా పాడేవాళ్ల వరస కొత్తదేమీ కాదు. 1973 ఒక్క ఏడాదిలోనే ఇనోవే యోసుయి ఆల్బమ్ ‘కోరి నో సెకాయ్’, అరాయ్ యుమి తొలి ఆల్బమ్ వచ్చాయి. తర్వాత నకాజిమా మియుకి, 1999లో ‘ఫస్ట్ లవ్’తో దేశాన్ని ఊపేసిన ఉతదా హికారు. ఈ తరంలో ‘లెమన్’ పాడిన యొనెజు కెన్షి, ‘మారీగోల్డ్’ పాడిన ఐమ్యోన్. యొనెజు మొదట్లో తన గొంతు వినిపించకుండా, కంప్యూటర్ గొంతుతో పాడించి నెట్‌లో పెట్టేవాడు. అందరిలోనూ కజే గొంతు వేరని తెలియడానికి జపనీస్ రానక్కర్లేదు. పాటల్లో సొంత ఒకయామా యాసను వదలడు. పియానో మీద ఎడమచేతి నడకలో జాజ్ పట్టు వినిపిస్తుంది.

అతని ఒంటరి బలం చూడాలంటే 2021 సెప్టెంబర్ 4 నాటి కచేరీ చూడాలి. కోవిడ్ రోజులు. యొకొహామాలోని నిస్సాన్ స్టేడియం, సుమారు 70 వేల సీట్లు, అన్నీ ఖాళీ. మైదానం మధ్య గడ్డి మీద ఒక పియానో, ఒక మనిషి. టికెట్ లేదు, యూట్యూబ్‌లో అందరికీ ఉచితం. ఆ ఏడాది డిసెంబర్ 31 రాత్రి, జపాన్ ఇంటిల్లిపాదీ చూసే ఎన్‌హెచ్‌కే ‘కోహకు’ కార్యక్రమంలో మొదట ఒకయామాలోని సొంతింటి గదిలో పియానో ముందు కనిపించాడు. ఆ పాట అవుతూనే వేదిక మీద ప్రత్యక్షమయ్యాడు. ఆ ఒక్క రాత్రితో అతని పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. 2024 ఆగస్టులో అదే నిస్సాన్ స్టేడియంలో రెండు రోజులు పాడితే రోజుకు 70 వేల చొప్పున వచ్చారు. మన ఉప్పల్ స్టేడియంలో పట్టేది 39 వేలకు అటూ ఇటూ.

ఇక పాటల్లోకి వెళ్దాం. తొలి ఆల్బమ్‌లో చివరి పాట ‘కయెరో’. ఇవ్వవలసినవన్నీ ఇచ్చేసి, కోపతాపాలు వదిలి, ఉట్టి చేతులతో ఇంటిదారి పట్టడం గురించి. ఆ ఇల్లు ఏ ఇల్లో మన తత్వాలు విన్న చెవికి వెంటనే అందుతుంది. ‘షినునొగ ఇ-వ’ 2022లో థాయ్‌లాండ్ కుర్రకారు ఫోన్లలో రాజుకుని ప్రపంచమంతా పాకింది. విన్నవాళ్లు అది విరహగీతమే అనుకున్నారు. అందులో ‘నువ్వు’ అని పిలిచింది లోపలి మనిషిని అని కజే స్వయంగా చెప్పాడు. క్షేత్రయ్య పదాల్లో నాయిక మువ్వగోపాలుడి కోసం పడే తపన తెలిసినవాళ్లకు ఈ దారి కొత్త కాదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన ‘గ్రేస్’ వీడియో చిత్రీకరణకు అతను మన దేశానికే, ఉత్తరాఖండ్‌కు వచ్చాడు.

ఆ ఏడాదే జపాన్‌లో గొడవ కూడా అయింది. జులైలో మాజీ ప్రధాని షింజో అబే హత్య తర్వాత మత సంస్థల మీద అక్కడ పెద్ద చర్చ నడుస్తోంది. ఆల్బమ్ పేర్లు సత్యసాయి బాబా బోధల నుంచి వచ్చాయని వారపత్రికలు రాయగానే, అభిమానులకు చెప్పకుండా మతప్రచారం చేస్తున్నాడన్న విమర్శ లేచింది. తెలియక విన్నవాళ్లు నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. బాబా మీద తీవ్రమైన ఆరోపణలు చేసినవాళ్లూ ఉన్నారు, వాటిని పక్కకు నెట్టేయకూడదు. కానీ పాటలో భక్తి ఉండటమే తప్పన్నట్టు సాగిన మాటలు నాకు మింగుడుపడలేదు. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్యల పాటలు వింటూ పెరిగిన మనకు పాటా భక్తీ వేర్వేరు గదుల్లో ఉండవు.

ఇప్పుడు వెనక్కి, 1930ల పుట్టపర్తికి. 1926 నవంబర్ 23న పుట్టిన సత్యనారాయణ రాజు, తర్వాతి సత్యసాయి బాబా, మొదట ఊళ్లో పాటల పిల్లవాడు. తోటి పిల్లలను పోగేసి పండరి భజన బృందం నడిపాడు. కడప జిల్లా కమలాపురంలో చదివే రోజుల్లో కోటె సుబ్బన్న అనే దుకాణదారు తన సరుకుల మీద ఈ కుర్రాడితో పాటలు కట్టించుకునేవాడని, పిల్లలు వాటిని వీధి వీధీ తిరిగి పాడేవారని జీవిత చరిత్ర రాసిన ఎన్. కస్తూరి చెబుతారు. 1940 అక్టోబర్ 20న ఉరవకొండలో బడి వదిలేసి, చుట్టూ చేరినవాళ్లకు మొట్టమొదట నేర్పింది కూడా ఒక భజనే. తర్వాత డెబ్బై ఏళ్లు ప్రసంగాన్ని తెలుగు పద్యంతో ఎత్తుకుని భజనతో ముగించడం ఆయన పద్ధతి. వ్యాసుడి 18 పురాణాల సారం ఏమిటని అడిగి, ‘హెల్ప్ ఎవర్ హర్ట్ నెవర్’ అని ఆయనే జవాబిచ్చేవారు.

ఆ భజన కట్టుబడి చూడండి. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఇంకో పక్క. మొదటిది గణపతి మీద. ఒకరు ఒక వరస ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు. ముందు విలంబంలో అంతా పాడి, తర్వాత అదే పాట వేగంగా, చప్పట్లతో. అక్షరం తెలియనివాళ్లు కూడా రెండో విడతకు కలిసిపోతారు. భాష రానివాళ్లూ అంతే. విదేశీయులు ఈ భజనకు ఎందుకు వశమయ్యారో ఇక్కడే తెలుస్తుంది.

అలా వశమైనవాళ్లలో ఎలిస్ కోల్ట్రేన్ పెద్ద పేరు. డెట్రాయిట్ చర్చిల్లో పియానో వాయిస్తూ పెరిగిన మనిషి. జాజ్ మహా విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ భార్య. 1967లో భర్త పోయాక ఆధ్యాత్మికంలోకి మళ్లి, సత్యసాయి భక్తురాలైంది. కాలిఫోర్నియాలో ఆమె నడిపిన ఆశ్రమం పేరు సాయి అనంతం. 1982లో ‘తురియా సింగ్స్’ మొదలుకుని కొన్ని క్యాసెట్లు చేసింది. వాటిలో మన నామాలకు నల్లవారి చర్చి గానం, సింథసైజర్ రెండూ తోడయ్యాయి. ఆ క్యాసెట్లు ఆశ్రమానికి వచ్చేవాళ్ల చేతుల్లోనే తిరిగాయి. ఆమె 2007లో కన్నుమూశాక, 2017లో ఆ పాటలు కొన్ని మళ్లీ విడుదలైతే యువ సంగీతకారులు ఎగబడి విన్నారు. 2018 కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది.

ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గూసన్ 1960ల చివర మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో కొంతకాలం ఉన్నాడు, ఆయనా తర్వాత బాబా భక్తుడే. హార్డ్ రాక్ కెఫే స్థాపకుల్లో ఒకరైన ఐజాక్ టిగ్రెట్ ‘లవ్ ఆల్ సర్వ్ ఆల్’ను తన హోటళ్ల నినాదం చేసుకున్నాడు. వాటా అమ్ముకున్న సొమ్ములో పెద్ద మొత్తం 1991లో తెరిచిన పుట్టపర్తి ఆసుపత్రికి ఇచ్చాడు. అంటే కజే పుట్టకముందే ఆ మాట లండన్ గోడల మీద గిటార్ల పక్కన వేలాడుతోంది.

2025 నవంబర్‌లో పుట్టపర్తి బాబా శతజయంతి చేసుకుంది. నాకు తెలిసినంతలో భజన చరిత్ర మాత్రం ఎవరూ కూర్చి రాయలేదు, అదే నా బాధ. కమలాపురం వీధిపాటలు పోయినట్టే ఈ భజన బాణీలూ పోకూడదు. 1973లో శివం తెరిచినప్పుడు హార్మోనియం ముందు కూర్చున్న కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఉప్పల్, రామంతాపూర్ ఇళ్లల్లో అలాంటివాళ్లు ఉంటే, మనవలు ఫోన్‌లో రికార్డు నొక్కి, ఏ బాణీ ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఈ వారమే అడగాలి.