కృష్ణ ఎల్లగా కుదిరిన పెళ్లి: గజపతి రాజకుమార్తె, కృష్ణదేవరాయల వివాహంపై పరిశీలన

కృష్ణానదిని దాటి దక్షిణంగా సాగితే రాయచూరు అంతర్వేది. పదహారో శతాబ్దం తొలి పాదంలో ఈ అంతర్వేది కోసం రాజ్యాలు పోరాడాయి. దిగువన, తూర్పు తీరంలో, ఇదే నది ఒక రాచపెళ్లికి ఎల్లగా నిలిచింది. కళింగాధిపతి ప్రతాపరుద్ర గజపతి తన కూతురిని విజయనగర రాయలకిచ్చిన సంధి అది. ఆ కాపురం ఎంతోకాలం నిలవలేదన్న ప్రచారాన్ని సమకాలిక ఆధారాలు బలపరచవని ఈ వ్యాసం వాదన.

సంధి నేపథ్యం

రాయల సేన 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలిచింది. కొండవీటిలో గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టుబడ్డాడు. తర్వాత కొండపల్లి లొంగింది, నల్లగొండ ప్రాంతపు దుర్గాలూ చేజిక్కాయి. 1516 నాటి సింహాచలం శాసనం స్వామికి సమర్పించిన ఆభరణాలను పేర్కొంటూ తిరుమలదేవి, చిన్నాదేవి పేర్లు చెబుతుంది. గజపతి కూతురి ప్రస్తావన అందులో లేదు. దాదాపు 1519 నాటికి సంధి కుదిరింది. రాయలు కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను తిరిగి ఇచ్చి, దక్షిణాన ఉన్నది తనకు ఉంచుకున్నాడు. ఓడినవాడు కూతురినిచ్చాడు, గెలిచినవాడు నేలనిచ్చాడు. తూర్పు సరిహద్దు కుదుటపడ్డాక, 1520 మేలో రాయచూరు వద్ద రాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించాడు.

ఆధారాల పరిశీలన

ఈ రాణిని తుక్క, జగన్మోహిని, అన్నపూర్ణ అని పలు పేర్లతో చెబుతారు. తొలిరాత్రే ఆమె కత్తి దాచి తెచ్చిందనీ, రాయలు దూరం పెట్టగా కంభంలో ఒంటరిగా బతికిందనీ జనశ్రుతి. తుక్కా పంచకమనే అయిదు సంస్కృత శ్లోకాలను ఆమెకు ఆపాదిస్తారు. గుండ్లకమ్మ మీది కంభం చెరువును తవ్వించింది గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని స్థానికుల నమ్మకం.

వీటికి ఎదురుగా నిలిచేది 1520 ప్రాంతంలో విజయనగరాన్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కథనం. రాయల ముగ్గురు పట్టపురాణుల్లో ఒకరు ఒరియా రాజు కూతురని రాశాడు. ముగ్గురికీ వేర్వేరు ఇళ్లు, సమానమైన పరివారం ఉండేవి. తగవు రాకూడదని ఒకరికున్నదే మిగతా ఇద్దరికీ ఉండేదట. సంధి జరిగిన కొద్దికాలానికి రాసిన ఈ మాటలో తొలిరాత్రి ఎడబాటు ఛాయలేమీ లేవు. ఎడబాటు నిజమే అనుకున్నా, అది ఆ తర్వాతి కాలానిదే కావాలి.

పోలిక

రాజకీయం కోసం కుదిరి, నిజంగానే విడిపోయిన పెళ్లితో దీన్ని పోల్చి చూద్దాం. ట్యూడర్ ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ, క్లీవ్స్ అన్నా 1540 జనవరి 6న పెళ్లాడారు. ఫ్రాన్సు, స్పెయిను రాజుల మైత్రికి భయపడి కుదిర్చిన బంధమది. జూలై 9న రద్దయింది. కుదిర్చిన మంత్రి క్రాంవెల్ అదే నెల 28న తల కోల్పోయాడు. అన్నా రద్దుకు సమ్మతించి, రిచ్‌మండ్ భవనం పొంది, 1557 దాకా గౌరవంగా బతికింది. అక్కడ విడిపోవడానికి తేదీ ఉంది, పత్రాలున్నాయి. ఇక్కడ ఉన్నవి కథలే.

ముగింపు

కాబట్టి కంభం కథను జనశ్రుతిగానే చెప్పాలి, పేస్ మాటను సాక్ష్యంగా ముందుంచాలి. ఉదయగిరి, కొండవీటి విజయాలను పాఠాలుగా చెప్పే మనం, ఆ యుద్ధాన్ని ఆపిన సంధికి పూచీగా నిలిచిన స్త్రీని కత్తి దాచిన పెళ్లికూతురిగా మాత్రమే గుర్తుంచుకోవడం ఆమెకూ చరిత్రకూ అన్యాయం.