హైబాల్‌లో ఐసు: రెండు ఆంగ్ల నవలల్లో అధికార సంబంధాలు

1. ఉపోద్ఘాతం

విస్కీ, సోడా, ఐసు కలిసిన పానీయం హైబాల్. 1920ల నాటి జీవితాన్ని చిత్రించిన ఆంగ్ల నవలల్లో విస్కీ–సోడాను విలాసచిహ్నంగా చదవడం పరిపాటి. అయితే అందులోని ఐసు చుట్టూ సాగిన సంభాషణలను గమనిస్తే, తాగేవారికీ తెచ్చేవారికీ నడుమ ఉన్న అంతరం బయటపడుతుంది. ఆ అంతరాన్ని రెండు నవలల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చారిత్రక నేపథ్యం

నీటిలో కార్బన్ డయాక్సైడును కరిగించే పద్ధతిని జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లో ప్రచురించాడు. ఆంగ్లేయ సంపన్నులు తొలుత సోడాను బ్రాందీతో కలిపి సేవించేవారు. 1860ల నుండి ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేయడంతో బ్రాందీ కొరవడి, స్కాచ్ విస్కీ ఆ స్థానంలోకి వచ్చింది. కానన్ డాయిల్ కథ 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' (1891)లో హోమ్స్ తన గది మూలనున్న మద్యం పెట్టెను, సోడా తయారుచేసే గ్యాసోజీన్‌ను వాట్సన్‌కు చూపిస్తాడు. ఆ సన్నివేశంలో ఐసు లేదు; అందించే సేవకుడూ లేడు.

3. న్యూయార్కు అపార్ట్‌మెంటు

ఫిట్జ్‌గెరాల్డ్ 'ది గ్రేట్ గాట్స్‌బీ' (1925) కథాకాలం 1922. అమెరికాలో 1920 జనవరి నుండి మద్యనిషేధం అమలులో ఉంది. అయినా టామ్ బుకానన్ తాళం వేసిన బీరువాలోంచి విస్కీ సీసా తీస్తాడు. ఐసు, మినరల్ వాటర్ తెమ్మని మర్టిల్‌ను పురమాయిస్తాడు. ఐసు సంగతి కుర్రవాడికి ఎప్పుడో చెప్పానంటూ ఆమె కింది తరగతివారి బద్ధకాన్ని విసుక్కుంటుంది. ఆమె స్వయంగా ఒక గ్యారేజీ యజమాని భార్య. టామ్ ఏర్పాటుచేసిన ఇంట్లో ఉన్నంతసేపే ఆమెకు ఆ దర్పం. ఆ రాత్రే టామ్ ఆమె ముక్కు పగలగొడతాడు.

4. బర్మా క్లబ్బు

1922–27 మధ్య బర్మా పోలీసుశాఖలో పనిచేసిన ఆర్వెల్ రాసిన నవల 'బర్మీస్ డేస్' (1934). ఇందులో క్లబ్బు బట్లరు ద్రావిడుడు. నాటి బర్మాకు తెలుగు, తమిళ ప్రాంతాల నుండి శ్రామికులు విస్తృతంగా వలస వెళ్లారు. అక్కడ వాడుకలోకి వచ్చిన 'కోరంగీలు' అనే పేరు గోదావరి తీరంలోని కోరంగి రేవు నుండి వచ్చినదే. ఐసు ఎంత మిగిలిందని ఎలిస్ అడగగా, దానిని నిలవ ఉంచడం కష్టంగా ఉందని బట్లరు చక్కని ఆంగ్లంలో బదులిస్తాడు. ఎలిస్ కోపం ఐసు కరిగినందుకు కాదు, సేవకుడు తన భాషను తనంత బాగా మాట్లాడినందుకు. క్లబ్బులో స్థానికునికి సభ్యత్వం ఇవ్వాలా అన్న వివాదం నడుస్తున్న వేళ, ఆ వాక్యం అతనికి హద్దు మీరినట్లు వినిపిస్తుంది.

5. ముగింపు

మర్టిల్ పైవర్గపు మాటను అనుకరిస్తుంది. బట్లరు మాట్లాడినందుకే తిట్లు తింటాడు. న్యూయార్కు కుర్రవాడు ఆ సన్నివేశంలో కనిపించనే కనిపించడు. గ్లాసు ఎవరి చేతిలో ఉందన్నదానితో పాటు, ఐసు గురించి ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారన్నది కూడా ఈ నవలల సామాజిక చరిత్రకు ఆధారమవుతుంది.