నవజాత శిశువుల భుజనాడుల గాయం

కాన్పులో తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంటే, మెడ నుంచి చేతికి వెళ్లే ఐదు నాడీమూలాలు సాగిపోవచ్చు, తెగిపోవచ్చు. పైమూలాలు దెబ్బతింటే చెయ్యి ఒంటికి అంటుకుని వేలాడుతుంది, మోచెయ్యి ముడుచుకోదు. 1874లో ఎర్బ్ అనే వైద్యుడు వివరించింది ఈ రూపాన్నే. ఎక్కువమంది బిడ్డలకు దానంతటదే నయమవుతుంది కదా, పెద్దాసుపత్రికి పరుగెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఎవరికి నయమవుతుందో తొలిరోజున తెలియదు. మూడు నెలలు దాటినా మోచెయ్యి ముడవని బిడ్డకు నాడీ శస్త్రచికిత్స అవసరమేమో నిపుణులు తేల్చాలి. మరీ ఆలస్యమైతే నాడి అందని కండరం కోలుకోలేదు. 2016లో మహబూబ్‌నగర్ నుంచి విడివడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పల్లెలకు ఈ మూడు నెలల గడువే ముఖ్యం: నెల నిండేలోపే బిడ్డను దగ్గర్లోని వైద్యులకు చూపిస్తే, నిపుణుల కోసం హైదరాబాద్ ప్రయాణానికి వ్యవధి ఉంటుంది. ఈలోగా, ఎముక విరగలేదని వైద్యులు చూశాక, వాళ్లు నేర్పినట్టు కీళ్లను రోజూ మెల్లగా కదపాలి. నరం సరిచేస్తామంటూ చెయ్యి లాగడం మాత్రం ప్రమాదం.