బోను నుంచి మంత్రివర్గం దాకా: బ్రిటన్ ప్రజాజీవితంలో స్వలింగ ప్రేమికులు

1895 ఏప్రిల్ నెలలో లండన్‌లో ఆస్కార్ వైల్డ్ రాసిన రెండు నాటకాలు రెండు థియేటర్లలో ఒకేసారి ఆడుతున్నాయి. ఆ నెల మొదట్లోనే పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. థియేటర్ల యజమానులు నాటకాలను వెంటనే ఆపలేదు, పోస్టర్ల మీద రచయిత పేరు మాత్రం కప్పేశారు. కొద్ది వారాలకు కోర్టు అతనికి రెండేళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. నాటకం కావాలి, నాటకం రాసిన మనిషి అక్కరలేదు. బ్రిటన్ వినోదరంగం దాదాపు తొంభై ఏళ్లు నడిచిన తీరును ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

వైల్డ్‌కు శిక్ష పడింది 1885లో చేసిన ఒక చట్ట సవరణ కింద. అంతకు పాతికేళ్ల ముందే, 1860లో, ఇదే నైతిక దృష్టిని ఆంగ్లేయ పాలకులు భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్‌గా మనకు రాసిపెట్టారు. ఇంగ్లండ్ తన చట్టాన్ని 1967లో సడలించుకుంది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లయింది కనుక ఆ సడలింపు మనదాకా రాలేదు. పరస్పర అంగీకారంతో ఉన్న వయోజనులకు ఆ సెక్షన్ వర్తించదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది. ఈ పాఠ్యభాగం బ్రిటన్ గురించే అయినా, దాని మూలంలో మనకూ పాత్ర ఉన్నదని గుర్తుంచుకోవడానికి ఇది చెప్పాను.

పదాల గురించి ఒక మాట. మన పత్రికలు చాలాకాలం వాడిన 'స్వలింగ సంపర్కులు' అనే పదం మనిషిని ఒక చర్యకు కుదిస్తుంది. అందుకని ఇక్కడ 'స్వలింగ ప్రేమికులు' అన్న పదాన్ని, వారు తమకు తాము పెట్టుకున్న 'గే' అన్న పదాన్ని వాడుతున్నాను.

పట్టుబడినవారి కాలం

రెండో ప్రపంచ యుద్ధం తరువాతి బ్రిటన్‌లో ఒక ప్రముఖుడు గే అన్న సంగతి ప్రజలకు తెలిసేది ఒకే మార్గంలో: కోర్టు వార్త ద్వారా. 1953లో ప్రఖ్యాత నటుడు జాన్ గిల్‌గుడ్‌కు సర్ బిరుదు వచ్చింది. అదే సంవత్సరం అక్టోబర్‌లో లండన్ పోలీసులు అతన్ని పట్టుకున్నారు. పోలీసులకు అతను తన వృత్తి గుమాస్తా అని చెప్పుకున్నాడు. మేజిస్ట్రేటు 10 పౌండ్ల జరిమానా వేశాడు, పత్రిక పసిగట్టింది. తరువాత లివర్‌పూల్‌లో అతని కొత్త నాటకం మొదలు కావాలి. వేదిక ఎక్కడానికి కాళ్లు రాక తెర పక్కన నిలబడిపోయిన గిల్‌గుడ్‌ను సహనటి సిబిల్ థార్న్‌డైక్ చెయ్యిపట్టి తీసుకువెళ్లింది. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఈ సంఘటనను విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. సమాజం అప్పుడే మారిపోయిందని దీని అర్థం కాదు. ఆ సంవత్సరాల్లో అరెస్టులు ముమ్మరంగా సాగుతున్నాయి. చప్పట్లు కొట్టినవారిలో ఎంతమంది చట్టాన్ని తప్పుపట్టేవారో మనం చెప్పలేం. కానీ తమకు తెలిసిన, తాము అభిమానించిన ఒక మనిషి ఎదురుగా నిలబడినప్పుడు, చట్టం చెప్పిన తీర్పు ఒకటి, వారి చేతులు చెప్పిన తీర్పు మరొకటి. ఈ రెండింటి మధ్య దూరమే మన అసలు విషయం. గిల్‌గుడ్ మటుకు ఆ తరువాత జీవితమంతా దీని గురించి బహిరంగంగా నోరు విప్పలేదు.

రాజకీయాల్లో ఆ చప్పట్లు కూడా లేవు. 1958లో విదేశాంగ శాఖలో జూనియర్ మంత్రిగా ఉన్న ఇయాన్ హార్వే ఇలాగే పట్టుబడి, పదవితో పాటు పార్లమెంటు స్థానాన్ని కూడా వదులుకున్నాడు. విచిత్రమేమంటే, ఈ చట్టాన్ని సడలించాలని వుల్ఫెండెన్ కమిటీ ప్రభుత్వానికి సిఫారసు చేసి అప్పటికి ఏడాది దాటింది. ఆ సిఫారసు చట్టం కావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 1967 చట్టం కూడా ఇంగ్లండ్, వేల్స్‌లకే పరిమితం. 21 ఏళ్లు నిండిన ఇద్దరు పురుషులు, నాలుగు గోడల మధ్య ఉంటేనే నేరం కాదన్నది. స్కాట్లండ్‌కు 1980లో, ఉత్తర ఐర్లండ్‌కు 1982లో ఆ మాత్రం వెసులుబాటు దక్కింది.

చట్టం స్త్రీల జోలికి ఎప్పుడూ పోలేదు. అయినా లేబర్ పార్టీ సభ్యురాలు మోరీన్ కోల్‌హూన్ ఒక స్త్రీతో కలిసి జీవిస్తున్నదని 1970ల్లో ఒక పత్రిక బయటపెట్టగానే, నార్తాంప్టన్‌లోని ఆమె స్థానిక పార్టీ శాఖ ఆమెను అభ్యర్థిత్వం నుంచి తప్పించాలని తీర్మానించింది. జాతీయ కార్యవర్గం ఆ తీర్మానాన్ని కొట్టివేసింది. 1979లో ఆమె ఓడిపోయింది. చట్టంలో లేని శిక్షను పార్టీ శాఖ వేయగలదని ఈ ఉదంతం చూపుతుంది.

చెప్పుకున్నవాడు

1983 ఫిబ్రవరిలో లండన్‌లోని బర్మండ్సేలో ఉప ఎన్నిక జరిగింది. అది లేబర్ పార్టీకి కంచుకోట. అభ్యర్థి పీటర్ టాచెల్. అతను గే ఉద్యమంలో పనిచేసినవాడే, కానీ ప్రచారంలో ఆ ఊసెత్తవద్దని పార్టీ సలహా. ప్రత్యర్థులు, పత్రికలు మాత్రం ఆ ఊసు తప్ప మరొకటి ఎత్తలేదు. లిబరల్ అభ్యర్థి సైమన్ హ్యూస్ గెలిచాడు; ఓట్ల మళ్లింపు, అంటే స్వింగ్, 44 శాతం దాటింది. దీన్ని ఓటర్ల ద్వేషానికి రుజువుగా ఆనాడే రాసేశారు. నాకు ఆ లెక్క అంత సూటిగా కనిపించదు. టాచెల్ అతివాద రాజకీయాలను అతని సొంత పార్టీ నాయకుడు మైకేల్ ఫుట్ అంతకు ముందే పార్లమెంటులో ఖండించాడు, స్థానిక లేబర్ వర్గాలు చీలిపోయి ఉన్నాయి. దేనివల్ల ఎన్ని ఓట్లు పోయాయో విడదీయడం కష్టం. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. తనకు పురుషులతోనూ సంబంధాలు ఉండేవని 2006లో హ్యూస్ చెప్పాడు, నాటి ప్రచారానికి టాచెల్‌కు క్షమాపణ కూడా చెప్పాడు.

బర్మండ్సే నుంచి పార్టీలు నేర్చుకున్న పాఠం ఒక్కటే: నోరు మూసుకోండి. ఆ పాఠాన్ని ఒక మనిషి పాటించలేదు. క్రిస్ స్మిత్ 1983 సార్వత్రిక ఎన్నికలలో ఇస్లింగ్టన్ సౌత్ నుంచి లేబర్ తరఫున కేవలం 363 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. మరుసటి సంవత్సరం రగ్బీ పట్టణ కౌన్సిల్ తన ఉద్యోగ నియామకాల్లో గే వ్యక్తులకు ఉన్న రక్షణను తొలగించింది. దానికి నిరసనగా నవంబర్‌లో జరిగిన సభలో మాట్లాడవలసిన వక్తలలో స్మిత్ ఒకడు. వేదిక ఎక్కి తన పేరు చెప్పాడు, తన నియోజకవర్గం పేరు చెప్పాడు, మూడో మాటగా తాను గే అని చెప్పాడు. ఎవరూ పట్టుకోలేదు, ఏ పత్రికా బయటపెట్టలేదు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడొకరు పదవిలో ఉండగా తనంతట తాను ఈ మాట చెప్పడం అదే మొదలు.

363 ఓట్ల ఆధిక్యం ఉన్నవాడు చేయవలసిన పని కాదని అనుభవజ్ఞులు అనుకుని ఉంటారు. 1987 ఎన్నికలలో అతని ఆధిక్యం 805కు పెరిగింది. 1992లో 10,652.

ఇప్పుడు ఇంకో అంకెను దీని పక్కన పెట్టండి. బ్రిటిష్ సామాజిక వైఖరుల సర్వే 1983 నుంచి ఒకే ప్రశ్నను పదేపదే అడుగుతూ వచ్చింది. స్వలింగ సంబంధాలు 'ఎల్లప్పుడూ తప్పే' అన్నవారు 1983లో సగం మంది, 1987లో 64 శాతం. అంటే స్మిత్ ఆధిక్యం పెరిగిన సంవత్సరంలోనే ప్రజాభిప్రాయం ఎన్నడూ లేనంత బిగుసుకుంది. కారణం ఎయిడ్స్ భయం. ఈ రెండు అంకెలు ఒకదానికొకటి పొసగవని తరగతిలో విద్యార్థులు తరచూ అడిగేవారు. ఇస్లింగ్టన్ లండన్ నగరంలోని ప్రాంతం, దేశమంతటికీ నమూనా కాదు. ఆ మినహాయింపు ఉంది. కానీ నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన జవాబు ఇది: సర్వే అడిగింది ఒక వర్గం గురించి, బ్యాలెట్ అడిగింది తమ ఇంటి సమస్య పట్టించుకున్న ఒక మనిషి గురించి. జనం రెండు ప్రశ్నలకు రెండు జవాబులు చెప్పారు. రెండింటిలోనూ వారు అబద్ధమాడలేదు.

స్మిత్ కూడా అన్నీ చెప్పగలిగాడని అనుకోకూడదు. 1987లోనే తనకు హెచ్‌ఐవీ ఉన్నట్లు తెలిసిందన్న సంగతిని అతను 2005 జనవరిలో గాని బయటపెట్టలేదు. గే అని చెప్పడానికి 1984లో చాలిన ధైర్యం దీనికి చాలడానికి మరో ఇరవై ఏళ్ల కాలం కావలసి వచ్చింది.

తెర మీద, తెర వెనుక

1980ల వినోదరంగం కథ ఎక్కువగా పత్రికల కథ. 1987లో గాయకుడు ఎల్టన్ జాన్ మీద 'ది సన్' పత్రిక వరుసగా అబద్ధపు కథనాలు ప్రచురించింది. అతను కోర్టుకెక్కాడు. 1988 డిసెంబర్‌లో పత్రిక 10 లక్షల పౌండ్లు చెల్లించి మొదటి పేజీలో క్షమాపణ వేసుకుంది. వైల్డ్‌ను కోర్టు కూల్చింది, ఎల్టన్ జాన్‌ను కోర్టు నిలబెట్టింది.

ఆ సమయంలోనే థాచర్ ప్రభుత్వం స్థానిక ప్రభుత్వ చట్టంలో 28వ సెక్షన్ తెచ్చింది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను 'ప్రోత్సహించరాదు' అన్నది దాని సారాంశం. పాఠశాలల మీద, గ్రంథాలయాల మీద దాని నీడ పడింది. మనుషులను దాచడానికి తెచ్చిన ఈ చట్టం మనుషులను బయటికి తెచ్చింది. 1988 జనవరిలో బీబీసీ రేడియోలో ఈ ప్రతిపాదన మీద చర్చ జరుగుతుండగా, షేక్‌స్పియర్ నాటకాల నటుడిగా పేరొందిన ఇయాన్ మెకెలన్, 'వాళ్లు' అనవలసిన చోట తననూ కలుపుకున్నాడు. అప్పటికి అతనికి 48 ఏళ్లు. సినిమా అవకాశాలు పోతాయేమోనన్న శంక నటులందరికీ ఉండేది. కానీ మెకెలన్ సినిమా జీవితంలో పెద్ద ఘట్టాలన్నీ ఆ తరువాతే వచ్చాయి. గాండాల్ఫ్ పాత్రలో అతన్ని మన పిల్లలు కూడా ఎరుగుదురు.

సామాన్య ప్రేక్షకుల ఇళ్లలోకి వెళ్లినవాడు మాత్రం మైకేల్ కాష్‌మన్. బీబీసీ సీరియల్ 'ఈస్టెండర్స్'లో అతను కోలిన్ అనే గే పాత్ర వేశాడు. 1987లో ఆ పాత్ర తన స్నేహితుడి నుదుటిపై పెట్టిన ముద్దుకు పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1989లో మరో ముద్దు ప్రసారమైంది, కోటిన్నరకు పైగా జనం చూశారు. సీరియల్ మాత్రం ఆగలేదు, ఈనాటికీ ఆడుతోంది. అదే 1989లో మెకెలన్, కాష్‌మన్ మరికొందరితో కలిసి స్టోన్‌వాల్ సంస్థను స్థాపించారు. పదేళ్లకు కాష్‌మన్ యూరోపియన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. వినోదం, రాజకీయం అని మనం రెండు గదులు కట్టుకుంటాం గాని, ఈ చరిత్రలో రెండింటికీ మధ్య తలుపు తెరిచే ఉంది. టెలివిజన్ నిర్మాత వహీద్ అలీ కూడా అలాగే 1998లో 33 ఏళ్ల వయసుకే ప్రభువుల సభకు వెళ్లాడు. కరీబియన్ నుంచి వలస వచ్చిన కుటుంబం, ముస్లిం పేరు, గే అని దాచని మనిషి. ఆ సభ బెంచీలు అటువంటి సభ్యుణ్ణి అంతకు ముందు చూడలేదు.

ఓటర్లు ముందు, పార్టీలు వెనుక

1997 ఎన్నికలలో ఎక్సెటర్‌లో లేబర్ అభ్యర్థి బెన్ బ్రాడ్‌షా గే అన్న సంగతి అందరికీ తెలుసు. కన్సర్వేటివ్ ప్రత్యర్థి దానినే ప్రధానాస్త్రంగా చేసుకున్నాడు. పద్నాలుగేళ్ల కిందట బర్మండ్సేలో పనిచేసిన అస్త్రం ఇక్కడ వికటించింది. బ్రాడ్‌షా 11,705 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. లేబర్ ప్రభంజనం వీచిన ఏడాది కనుక గెలుపు మొత్తాన్నీ సహనం ఖాతాలో వేయరాదు, కానీ ఆ అస్త్రం గెలుపును ఆపలేదన్నది స్పష్టం. క్రిస్ స్మిత్ ఆ ఎన్నికల తరువాత సాంస్కృతిక మంత్రిగా క్యాబినెట్‌లో చేరాడు. అదే సంవత్సరం మంత్రి ఏంజెలా ఈగిల్ తాను స్త్రీని ప్రేమించే స్త్రీనని ప్రకటించింది.

1998 నవంబర్‌లో వ్యవసాయ మంత్రి నిక్ బ్రౌన్ సంగతి ఒక పత్రిక ద్వారా బయటపడింది. దేశాన్ని గే ముఠా ఏలుతున్నదా అని 'ది సన్' మొదటి పేజీలో ప్రధానిని నిలదీసింది. బ్రౌన్ రాజీనామా చేయలేదు, ఎవరూ చేయమనలేదు. కొద్ది రోజులకే అదే పత్రిక, బలమైన ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఇకపై ఎవరి లైంగికతనూ బయటపెట్టబోమని ప్రకటించింది. నీతి మారిందో, అమ్మకాల లెక్క మారిందో గాని, పాఠకులు తమ వెంట లేరని సంపాదకులకు అర్థమైంది.

అన్నిటికన్నా ఆలస్యంగా కదిలింది కన్సర్వేటివ్ పార్టీ. ఆ పార్టీ సభ్యుడు అలన్ డంకన్ 2002లో తనంతట తాను చెప్పుకున్నాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 28వ సెక్షన్ 2003లో రద్దయింది. 2005 డిసెంబర్ 21న, పౌర భాగస్వామ్య చట్టం ఇంగ్లండ్‌లో అమలైన తొలిరోజున, ఎల్టన్ జాన్ విండ్సర్ గిల్డ్‌హాల్‌లో తన సహచరుడితో సంతకాలు చేశాడు. యువరాజు చార్లెస్ పెళ్లి అదే హాలులో ఆ ఏప్రిల్‌లో జరిగింది. 2013 ఫిబ్రవరిలో కన్సర్వేటివ్ ప్రధాని కామెరూన్ ప్రభుత్వం తెచ్చిన స్వలింగ వివాహ బిల్లు రెండో పఠనంలో 400-175 ఓట్లతో నెగ్గింది. కానీ ఆ 400లో ఆయన సొంత పార్టీవారు 127 మందే. 136 మంది వ్యతిరేకించారు. సర్వేలో 'ఎల్లప్పుడూ తప్పే' అన్నవారు 2012 నాటికే 22 శాతానికి పడిపోయారు. పాలక పార్టీ సభ్యుల్లో వ్యతిరేకుల వాటా, ప్రజల్లో వ్యతిరేకుల వాటా, రెండూ పోల్చి చూడండి.

2017లో వచ్చిన మరో చట్టం, పాత శాసనాల కింద శిక్షపడి ఆ తరువాత మరణించిన వేలాదిమందికి క్షమాభిక్ష ప్రకటించింది. 1895లో పోస్టర్ మీద పేరు కప్పేసిన ఆస్కార్ వైల్డ్ కూడా వారిలో ఒకడు. చనిపోయినవారికి అది దానంతట అదే వర్తించింది. బతికి ఉన్నవారు మాత్రం హోం శాఖకు దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది.