మన ఇంటిపేర్లు – పాత రికార్డులలో వాటి జాడలు

శతవార్షికోత్సవ సంచికలలో బిషప్పుల చరిత్ర, మిషనరీ దొరల చరిత్ర, దేవాలయ కట్టడముల చరిత్ర వ్రాయుట పరిపాటి. అవి వ్రాయవలసినవే. కాని ఆ దేవాలయములలో చాపలు పరచుకొని కూర్చున్న కుటుంబముల చరిత్ర ఎవరు వ్రాసిరి? "మా తాతల నాటి సంగతి మాకేమి తెలియును? మావారికి చదువు లేదు, కాగితములు లేవు" అని మన పెద్దలలో అనేకులు అందురు. వేరొక ప్రక్క, తమ ఇంటిపేరు ఏదో ఒక శాసనములో కనబడగానే "మేము ఫలానా ప్రభువుల వంశము" అని చెప్పుకొనువారును ఉన్నారు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. చదువులేని మన పూర్వికుల పేర్లు కూడ కాగితముల మీదికి ఎక్కినవి. వాటిని ఏ కాగితములలో వెదకవలెనో, దొరికినదానిని ఎంతవరకు నమ్మవలెనో సంఘస్థులకు తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఇంటిపేరు చెప్పు సంగతి

తెలుగువారికి ఇంటిపేరు ముందు, స్వంతపేరు తరువాత. ఈ ఆచారము దక్షిణ దేశములో అందరికిని లేదు. దోర్నకల్ అధ్యక్ష మండలపు మొదటి బిషప్పు అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతపు తమిళులు. వారి పేరు ముందున్న 'వి' అను అక్షరము వేదనాయకము, అనగా వారి తండ్రిగారి పేరు. మన పేరు ముందున్న అక్షరము సాధారణముగా ఇంటిపేరును తెలుపును. పాత మిషను జాబితాలలో తిరునల్వేలి నుండి వచ్చిన పనివారును, మన తెలుగు ఉపదేశులును కలిసియే కనబడుదురు గనుక ఈ భేదమును మొదట గుర్తుంచుకొనవలెను.

మన ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్లు. అయితే ఊరిపేరు ఉన్నది ఉన్నట్లు ఇంటిపేరుగా నిలువదు. 'పాడు' అనునది 'పాటి' అగును. 'వీడు' అనునది 'వీటి' అగును. 'ఊరు' అనునది 'ఊరి' అగును. కొండవీడు నుండి వచ్చినవారు కొండవీటివారు, నెల్లూరు నుండి వచ్చినవారు నెల్లూరివారు. కనుక 'పాటి'తో ముగియు ఇంటిపేరుగలవారు 'పాడు'తో ముగియు పల్లెకొరకు మొదట వెదకవలెను. మరికొన్ని చెట్ల పేర్లు, మరికొన్ని తలారి, నీరటి, కమ్మరి వంటి పనుల పేర్లు. కొన్నిటిలో రెండును కలియును. వేములవారి పేరు వేపచెట్టు నుండి వచ్చినదా, వేముల అను ఊరినుండి వచ్చినదా అనునది పేరునుబట్టి మాత్రమే చెప్పలేము.

ఇందులో ఆలోచింపదగినది ఒకటి కలదు. ఒకడు తన ఊరిలో ఉన్నంతకాలము అతనిని ఆ ఊరిపేరుతో పిలువవలసిన పని ఎవరికిని లేదు. ఊరంతయు ఆ ఊరివారే గదా. ఊరు విడిచి వేరొక ఊరు చేరినప్పుడే అక్కడివారు "ఫలానా ఊరివాడు" అని పిలుతురు. కాబట్టి ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్నదనగా, కరవువలననో, పనికొరకో, భయమువలననో ఒకనాడు ఒక కుటుంబము మూట నెత్తిన పెట్టుకొని కదలినదని అర్థము. ఆ ప్రయాణము గూర్చి మరి యే వ్రాతయు లేకపోయినను ఇంటిపేరు సాక్ష్యమిచ్చుచున్నది.

అయినను ఇంటిపేరు ఒకటియైనంత మాత్రమున రక్తసంబంధము ఒకటి కాదు. 1213లో రామప్ప దేవాలయమును కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. తరువాత 14, 15 శతాబ్దములలో రాచకొండ, దేవరకొండలను ఏలిన పద్మనాయకులును రేచర్లవారే. చరిత్రకారులు వీరిని రెండు వేరు వంశములుగా చెప్పుదురు. శాసనములు వేయించుకొనిన ప్రభువుల విషయమే ఇట్లుండగా, మన విషయములో ఇంకెంత జాగ్రత్త కావలెను! ఎడ్గర్ థర్‌స్టన్ దొర, రంగాచారిగారి సహాయముతో 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణ దేశపు కులముల గ్రంథములో ఒక్కొక్క కులము క్రింద కొన్ని ఇంటిపేర్లు ఇయ్యబడినవి. ఒకే ఇంటిపేరు పలు కులములలో వాడుకలో ఉండుట మన ఊళ్లలో అందరును ఎరిగినదే.

కైఫియత్తులు

గ్రామముల పాత చరిత్ర వెదకువారు మొదట చేరునది మెకంజీ కైఫియత్తుల యొద్దకు. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కంపెనీవారి సర్వే అధికారి. 1815లో సర్వేయరు జనరలు అయ్యెను. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరులు ఆయనకు కుడిభుజముగా పనిచేసిరి. వారి మనుష్యులు ఊరూర తిరిగి, కరణముల యొద్దనున్న దండకవిలెలు చూచి, శాసనములు నకలు తీసి, గ్రామచరిత్రలు వ్రాయించిరి. తరువాత సి. పి. బ్రౌనుదొర వాటిలో అనేకమునకు శుద్ధప్రతులు వ్రాయించెను. వీటినే పండితులు 'స్థానిక చరిత్రలు' అందురు. కడప జిల్లా కైఫియత్తులు మొదలైనవి ఇప్పుడు అచ్చు పుస్తకములుగా దొరకుచున్నవి.

ఊరు ఎట్లు కట్టబడినది, ఏ దొరతనము తరువాత ఏ దొరతనము వచ్చినది, గుడికి ఎవరు మాన్యమిచ్చిరి, కరణీకపు మిరాశి ఏ ఇంటిపేరువారిది అను సంగతులు వీటిలో ఉండును. మన ఇంటిపేరుకు మూలమైన ఊరి పుట్టుక తెలిసికొనుటకు ఇవి మిక్కిలి ఉపయోగము. కాని చెప్పినవారు కరణములు, వ్రాయించినవారు దొరలు. ఊరిబయటి పేటలో నివసించినవారిని ఇంటిపేరుతో అడిగి వ్రాసికొనవలెనని వారికి తోచలేదు. కనుక కైఫియత్తులో మీ ఇంటిపేరు లేదని నిరాశపడవద్దు, ఉన్నదని పొంగిపోవద్దు.

మాన్యముల లెక్కలు

తరువాతి మెట్టు భూమి లెక్కలు. మద్రాసు రాజధానిలో 1858 ప్రాంతమున ఇనాం కమీషను ఏర్పడినది. ఇనాం భూములకు హక్కుదారు ఎవరో, మొదట ఎవరు ఇచ్చిరో విచారించి వ్రాసిన ఫెయిరు రిజిస్టర్లు 1860 తరువాతి సంవత్సరములలో తయారైనవి. అందులో అనుభవదారు పేరు మాత్రమేగాక వయస్సు కూడ కనబడును. 1862లో నలువది యేండ్లవాడని వ్రాసియున్నచో, ఆ మనిషి సుమారు 1822లో పుట్టినవాడని లెక్క తేలును. వీటి తరువాత సర్వే, సెటిల్మెంటు లెక్కలు వచ్చినవి. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషలలో ఉండు 'డైగ్లాట్' రిజిస్టరు పేరు పొలము తగాదాలు పడినవారు తప్పక వినియుందురు. నిజాము ఇలాకాలోనివారు సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణి చూడవలెను. పాత నిజాము కాగితములు చదువుటకు ఉర్దూ తెలిసిన పెద్దల సహాయము కావలెను.

"మాకు భూమి ఎక్కడిది?" అని కొందరు అడుగుదురు. వెట్టి, తలారి, నీరటి పనులు చేసినవారికి గ్రామ నౌకరీ మాన్యములు ఉండెడివి. ఆ పట్టీలలో మన పూర్వికులు కొందరు కనబడుదురు. కాని ఎట్లు కనబడుదురు? పేటలోని మనిషి పేరు ముందు ఇంటిపేరుండవలసిన చోట కులము పేరు వ్రాయుట, వెంకయ్యను 'వెంకడు' అని వ్రాయుట ఆనాటి గ్రామలెక్కల వాడుక. ఇంటిపేరు లేక కాదు. దానిని అడిగి వ్రాయుట అనవసరమని లెక్కలు వ్రాసినవారు తలచిరి. చదువునప్పుడు మనస్సు నొచ్చును. అయినను ఆ వరుసను దాటిపోరాదు. ఆ ఒక్క వరుసలోనే ఊరు, పొలము, చేసిన పని, బ్రదికిన కాలము అన్నియు ఉన్నవి.

సంఘ రిజిస్టరు

ఇట్టి మనిషి పేరు సాటివారి పేర్లతో సమానముగా, ఒకే వరుస పద్ధతిలో వ్రాయబడిన చోటు బాప్తిస్మపు రిజిస్టరు. బాప్తిస్మము తేదీ, పుట్టిన తేదీ, పేరు, తలిదండ్రుల పేర్లు, నివాసము, వృత్తి, బాప్తిస్మమిచ్చిన గురువు సంతకము సాధారణముగా ఇందులో ఉండును. తల్లి పేరు ఉండుట గొప్ప సంగతి. భూమి లెక్కలలో మన తల్లుల పేర్లు అరుదు.

1859లో బెజవాడలో డార్లింగు దొరగారిని కలిసికొని, రాఘవాపురములో సంఘమునకు మొదటివాడైన పాగోలు వెంకయ్యగారి పేరు మన సంఘములలో చాలమందికి తెలియును. 1866లో బాప్తిస్మము పొంది ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘములకు మూలపురుషుడైన ఎర్రగుంట్ల పేరయ్యగారి పేరును అట్టిదే. ఒకరు మాల, ఒకరు మాదిగ. వీరిద్దరి ఇంటిపేర్లును మిషను చరిత్రలలో నిలిచినవి. రెండును ఊరిపేర్లే. పాగోలు అను గ్రామము చల్లపల్లి ప్రాంతమున కలదు. ఎర్రగుంట్ల కడప జిల్లాలో అందరును ఎరిగిన ఊరు. ఆ పేరుగల పల్లెలు వేరేచోట్లను ఉన్నవి. అంతమాత్రమున వారి పూర్వికులు ఆ ఊళ్లనుండియే వచ్చిరని తీర్పు చెప్పరాదు. అది వెదకుటకు దారి మాత్రమే. రుజువు వేరే కావలెను.

1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1876–78 నాటి గొప్ప కరవు వెంటనే జరిగిన సంగతి ఇది. ఇట్టి కాలములలో కుటుంబములు చెదరిపోయినవి గనుక, అన్న ఒక రిజిస్టరులోను, తమ్ముడు వేరొక మిషను రిజిస్టరులోను దొరకవచ్చును.

బాప్తిస్మముతో ఒక చిక్కు కూడ వచ్చినది. పాతపేరు పోయి దేవసహాయము, యాకోబు, సువార్తమ్మ అను పేర్లు వచ్చినవి. పాతపేరు, క్రొత్తపేరు రెండును వ్రాసిన గురువుల రిజిస్టర్లు మనకు భాగ్యము. క్రొత్తపేరు మాత్రమే వ్రాసినచోట, ఇంటిపేరు ఒక్కటే వెనుకటి లెక్కలకు కలుపు త్రాడు. కొన్ని కుటుంబములలో తండ్రి బాప్తిస్మపు పేరే పిల్లలకు ఇంటిపేరుగా మారినది. అట్టివారు పెండ్లి రిజిస్టరు చూడవలెను. వివాహ ప్రకటనల సమయమున ఒకే ఇంటిపేరువారు కాకుండ చూచుకొనుట మన పెద్దల ఆచారము గనుక, ఇంటిపేరు మరుగుపడిన ఇండ్లలో కూడ పెండ్లినాటికి అది బయటికి వచ్చును. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ననుసరించి ఈ రిజిస్టర్లు వ్రాయబడినవి.

వెదకు విధానము

మొదట ఇంట బ్రదికియున్న పెద్దవారిని అడుగుడి. ఇంటిపేరు, వెనుకటి ఊరు, అమ్మమ్మ నాయనమ్మల పుట్టిండ్ల పేర్లు వ్రాసికొనుడి. తరువాత మీ తండ్రి, తాతల బడి అడ్మిషను రిజిస్టరు, పెండ్లి రిజిస్టరు, బాప్తిస్మపు రిజిస్టరు, సమాధిరాళ్లు చూచుచు ఒక్కొక్క తరము వెనుకకు పొండి. శాసనముతో మొదలుపెట్టి క్రిందికి దిగువారు దారి తప్పుదురు.

ఇంగ్లీషు వ్రాతలో మూడు చిక్కులున్నవి. ట, త లకు ఒకే అక్షరము. డ, ద లకును అంతే. 'చ'ను ఆ కాలపు దొరలు 'ట్స' అని వ్రాసెడివారు. చుండూరు పాత రికార్డులలో 'ట్సుండూరు'గా ఉండును. ఏలూరు 'ఎల్లూరు', విజయవాడ 'బెజవాడ', మచిలీపట్నము 'మసులిపటాము' అని ఉండును. మీ ఇంటిపేరును నాలుగైదు విధములుగా వ్రాసి వెదకవలెను.

జిల్లాల మార్పులును తెలియవలెను. 1904కు ముందు గుంటూరు ప్రాంతము కృష్ణా జిల్లాలోను, ఒంగోలు నెల్లూరు జిల్లాలోను ఉండెను. ఏలూరు 1904 నుండి 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడువరకు కృష్ణా జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి 1972లో ప్రకాశము జిల్లా అయినది. 2016లో తెలంగాణలోను, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోను మరల జిల్లాలు మారినవి. ఊరు కదలకపోయినను దాని కాగితములు కదలును.

మన చేతిలోనున్న పని

1984లో కరణీకములు రద్దైనప్పుడు గ్రామ లెక్కలు చేతులు మారినవి. కొన్ని ఇండ్లలోనే ఉండిపోయినవి. సంఘ రిజిస్టర్లు మాత్రము నేటికిని మన వెస్ట్రీలలో, పాస్టరేటు బీరువాలలో ఉన్నవి. చెదలు, వాన, గురువుల బదిలీలు వీటికి శత్రువులు. మద్రాసు రాజధాని రిజిస్టర్ల నకళ్లు లండనుకు పోయిన మాట నిజమే గాని అవి ఎక్కువగా ఐరోపావారివి. పల్లె సంఘపు రిజిస్టరు ఇక్కడ పోయినచో అక్కడ దొరకునని నమ్ముకొనరాదు.

కనుక ప్రతి పాస్టరేటు కమిటీవారికి ఒక మనవి. పాత రిజిస్టర్లను ఎండకు కాక నీడగాలికి ఆరనిచ్చి, గుడ్డలో చుట్టి, నేలకు తగలకుండ ఇనుప బీరువాలో ఉంచుడి. చిరిగిన పుటలకు అంటుకొను టేపు వేయవద్దు. యౌవనస్థులచేత ఒక్కొక్క పుటను ఫోటో తీయించి, ఒక ప్రతిని అధ్యక్ష మండల కార్యాలయమునకు పంపుడి. చదువ వీలుకాని పేర్లను ఊహించి దిద్దక, ఉన్నది ఉన్నట్లు వ్రాయించుడి.

ఇంటిపేరు వెదకుట గొప్పలకు కాదు, సిగ్గుపడుటకును కాదు. కులము పేరుతో మాత్రమే లెక్కలకెక్కిన ఒక మనిషికి ఇంటిపేరు ఉండెనని, ఆయన భార్యకు పేరు ఉండెనని, వారు ఫలానా ఊరినుండి ఫలానా కాలమున వచ్చిరని ఆయన మునిమనుమలు చెప్పగలిగినచో అది చాలును. ఆ మాట చెప్పుటకు కావలసిన పుట ఏదో ఒక పాస్టరేటు బీరువాలో ఇప్పటికిని ఉన్నది.