కరిగిన ప్లాస్టిక్కులో గాజుపోగుల నడక

1872లో అమెరికాలో హయత్ సోదరులు వేడితో మెత్తబరచిన సెల్యులాయిడ్‌ను అచ్చులోనికి నెట్టే యంత్రానికి పేటెంటు పొందినారు. తరువాతి కాలంలో, ప్లాస్టిక్కుకు బలం చేకూర్చుటకై అందులో సన్నని గాజుపోగులు కలపసాగినారు.

అయితే ఒక చిక్కు ఎదురయినది. పోగులు పరచుకొన్న దిక్కున వస్తువు గట్టిగా ఉంటుంది. వాటికి అడ్డంగా లాగితే అంత బలముండదు. అచ్చుగోడల చెంత ప్రవాహపు పొరలు ఒకదానిపై ఒకటి జారుట వలన పోగులు ప్రవాహం వెంట వరుసదీరుతాయి. నడిమి పొరలో తరచు అడ్డం తిరుగుతాయి. రెండు ప్రవాహాలు కలిసే అతుకును పోగులు సాధారణంగా దాటవు; కనుక వస్తువు అక్కడ విరిగే ప్రమాదమెక్కువ.

మరి పోగు ఎటు తిరుగుతుందో ముందుగా తెలిసేదెట్లు? దీనికి పునాది 1922లోనే పడినది. జెఫరీ అనే ఆంగ్ల గణితజ్ఞుడు, స్నిగ్ధ ద్రవంలో దీర్ఘవృత్తజాకారపు కణం ఎట్లు దొర్లుతుందో లెక్కగట్టినాడు. పొడవైన కణం ఎక్కువ కాలం ప్రవాహం వెంటే నిలిచి, చటుక్కున పల్టీ కొట్టుతుందని తేలినది. కాని ఆ లెక్క ఒంటరి కణానికే. ప్లాస్టిక్కులో పోగులు కిక్కిరిసి, ఒకదాని నడకకు మరొకటి అడ్డు తగులుతుంది. 1984లో ఫోల్గార్, టకర్‌లు ఈ ప్రభావాన్ని సమీకరణంలో చేర్చినారు. ఒక్కొక్క పోగునూ లెక్కించనక్కరలేక, గుంపు మొత్తం దిశను టెన్సర్లతో తెలిపే పద్ధతిని 1987లో అద్వానీ, టకర్‌లు చూపినారు.

అచ్చు చెక్కక ముందే బలహీనస్థానాలను నేడు కంప్యూటరు సూచించగలుగుతున్నదంటే, అందుకు ఆధారం ఈ లెక్కలే.