లో-ఫై: ఇంటి స్టూడియోలో పాత కేసెట్టు ధ్వని

మన సంఘం వేడుకలకి పాటల ట్రాకులు నేనే తయారుచేస్తానని తెలిసిన పిల్లలు ఈ మధ్య నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అంకుల్, ఆ లో-ఫై సౌండు ఎలా వస్తుంది?" అని. చదువుకుంటూ వింటారే, మెత్తగా, కాస్త మాసిపోయినట్టుండే సంగీతం, దాని గురించన్నమాట. మొదటిసారి అడిగినప్పుడు నవ్వొచ్చింది. మా తరం టేపు హిస్సుని వదిలించుకోడానికి బోలెడు డబ్బు తగలేసింది. వీళ్ళు అదే హిస్సుని కొనుక్కుంటున్నారు!

లో-ఫై అంటే లో ఫిడెలిటీ. అసలు ధ్వనిని ఉన్నదున్నట్టు పట్టుకోలేని రికార్డింగు అని. కేసెట్టు సంగతే చూడండి. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, నడిచేది సెకనుకి 4.76 సెంటీమీటర్లు. అంత సన్నటి టేపు అంత నెమ్మదిగా నడుస్తుంటే హిస్సు పైకి వస్తుంది, తాళాల గలగల లాంటి పైస్థాయి శబ్దాలు జారిపోతాయి. మోటారు, బెల్టు సమంగా తిరగకపోతే శ్రుతి ఊగుతుంది. గట్టిగా రికార్డు చేస్తే టేపు మెత్తగా నలుగుతుంది. దీన్ని సాచురేషన్ అంటారు. మనం మీడియం వేవ్‌లో విన్న ఆకాశవాణి పాటల్లోనూ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ ఉండేది కాదు. ఆ పేరు తెలియకుండానే లో-ఫై విని పెరిగాం.

ఇంట్లో చేసిన రికార్డింగులకి నాకు బాగా నచ్చే ఉదాహరణ మా న్యూజెర్సీలోనే ఉంది. టాస్కామ్ కంపెనీ 1979లో పోర్టాస్టూడియో 144 అనే పెట్టె తెచ్చింది. మామూలు కేసెట్టుని రెట్టింపు వేగంతో తిప్పి నాలుగు ట్రాకులు రికార్డు చేసుకోవచ్చు. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కోల్ట్స్ నెక్ అనే ఊళ్ళో, అద్దె ఇంట్లో, రెండు షూర్ ఎస్‌ఎం57 మైకులతో దానిమీద పాటలు పాడుకున్నాడు. ఎకోప్లెక్స్ అనే ఎకో యంత్రం గుండా పంపి ఒక పానసోనిక్ బూమ్‌బాక్సులోకి మిక్స్ చేశాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో ప్రయత్నించినా ఆ గాఢత రాలేదట. చివరికి ఆ కేసెట్టే అదే ఏడాది 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా వచ్చింది.

రెండో దారి హిప్-హాప్‌ది. 1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్పీ-1200 సాంప్లరుది 12 బిట్ల ధ్వని, సెకనుకి సుమారు 26 వేల నమూనాలు. మొత్తం పట్టేది పది సెకన్లు. అందుకని 33 వేగం రికార్డుని 45లో తిప్పి సాంపిల్ చేసుకుని, లోపల మళ్ళీ నెమ్మది చేసేవారు. జాగా మిగలడంతో పాటు ఒక గరుకుదనం కూడా వచ్చేది. పొదుపు వల్ల పుట్టిన రుచి!

ఇంతకీ ఇంట్లో ఎలా చెయ్యాలి? గ్యారేజ్‌బ్యాండ్, రీపర్, ఏది ఉన్నా చాలు. ముందు సాచురేషన్ కొద్దిగా వెయ్యండి, తర్వాత 8 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి ఫిల్టరుతో పైస్థాయి కొయ్యండి, శ్రుతి ఊపు సెకనుకి ఒకసారి, అదీ చాలా స్వల్పంగా. హిస్సు ఆఖర్న. అది వినిపించీ వినిపించనట్టుండాలి. ఐజోటోప్ వారి వినైల్ అనే ప్లగిన్ ఉచితం, నేర్చుకోడానికి బాగుంటుంది. ఒక్క హెచ్చరిక: కర్ణాటక గాత్రం మీదా తంబురా మీదా ఊపు వెయ్యకండి. గమకం ఏదో యంత్రం వణుకు ఏదో తెలియక శ్రుతి చెడినట్టే ఉంటుంది. కీబోర్డు మీద వేసుకోండి.

పాత సినిమా పాట ముక్కలు మాత్రం అనుమతి లేకుండా బయటపెట్టకండి. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన 'అడిక్టివ్'లో 1981 నాటి 'జ్యోతి' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాట ముక్క ఉంది. అది కోర్టు దాకా వెళ్ళింది. ఇంట్లో ఉన్న పాత కేసెట్లు వెతకడం మేలు.

నేనూ అలాగే వెతికాను. మా అమ్మ పాడిన మంగళహారతి ఒక కేసెట్టులో దొరికింది. తెనాలిలో మా వంటింట్లో రికార్డు చేసింది. అమ్మ పోయి పదకొండేళ్ళు. ఆత్రంగా కంప్యూటరులోకి ఎక్కించి, నాయిస్ రిడక్షన్‌తో శుభ్రంగా కడిగేసి అక్కకి పంపాను. పది నిమిషాల్లో ఫోను. "ఏరా, ఇదెవరు? అమ్మ గొంతు కాదురా!"

అక్క చెప్పింది నిజం. ఆ కడుగుడుకి గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టయింది. పైగా శ్రుతి కూడా హెచ్చుగా ఉంది. అప్పటి రికార్డరు సెల్లులు నీరసించి టేపుని నెమ్మదిగా తిప్పి ఉంటాయి. ఇప్పటి డెక్కులో అదే టేపు వేగంగా పాడుతుంది. ఎంత వేగమో ఎలా తెలుస్తుంది? వెనకాల కరెంటు గుంయ్ శబ్దం పట్టిచ్చింది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. నా ఫైల్లో అది 53 దగ్గర కనిపించింది. అంటే ఆరు శాతం, దాదాపు ఒక స్వరస్థానం! 60 దగ్గర ఇంకో గుంయ్ ఉంది గానీ అది ఇక్కడి మా డెక్కుది, దాన్ని నమ్మకూడదు. ఆ రోజుల్లో మన కరెంటు కూడా 50 దగ్గర స్థిరంగా ఉండేది కాదు కాబట్టి చివరి తీర్పు చెవిదే.

మళ్ళీ మొదట్నించీ చేశాను. టేపుని ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి వదులు చేశాను. హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, హెడ్డు పక్కన ఉండే చిన్న స్క్రూని మాటలు స్పష్టంగా వినిపించేదాకా జరిపాను. ఈ సర్దుబాటుకి అజిమత్ అని పేరు. సగం పని అక్కడే అయిపోతుంది. డాల్బీ మీట ఆపేసి, 24 బిట్లలో రికార్డు చేసి, ఆ ఫైలుని ముట్టుకోకుండా దాచి, నకలు మీద వేగం, శ్రుతి కలిపి తగ్గించాను. హిస్సు జోలికి పోలేదు.

ఈసారి అక్క ఫోనులో చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వెనకాల కుక్కర్ కూత వినపడుతోందిరా, అది తీసెయ్యకు" అంది. తియ్యలేదు.